చేతులు కడుక్కున్న చదువు

మా అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తు పెద్దాయన ఇంట్లో సీలింగ్ ఫ్యాను మొరాయించింది. స్విచ్ వేస్తే మూలుగుతుంది తప్ప కదలదు. స్టూలెక్కి చీపురు కర్రతో రెక్కని ఒక్క తోపు తోస్తే అయిష్టంగా తిరగడం మొదలెడుతుంది, అదీ గాలి మన దాకా రానంత నెమ్మదిగా. ఆ ఇంటి సుపుత్రుడు ట్రిపుల్ ఈ చదివాడు. ఫస్ట్ క్లాస్ విత్ డిస్టింక్షన్. ఇంటర్లో ఉండగా, నిచ్చెన మెట్లలాగా అంతూపొంతూ లేకుండా పేర్చిన కెపాసిటర్ల బొమ్మ చూపించి ఈ కొసకీ ఆ కొసకీ మధ్య ఫలిత కెపాసిటెన్స్ ఎంతరా అంటే, పెన్ను మూత తీయకుండానే జవాబు చెప్పిన మేధావి. ఆ మేధావి వేసవి ఎండల్లో ఆ ఫ్యాను కిందే పడుకుని, చెమటలు కక్కుతూ, బాగా ఆలోచించి, "వోల్టేజ్ ప్రాబ్లం నాన్నా" అని తేల్చాడు. పక్క గదిలో ఫ్యాను అదే కరెంటుతో గిర్రున తిరుగుతోంది. అంత చిన్న విషయం ఆయన సిద్ధాంతానికి అడ్డం రాలేదు.

ఆఖరికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. టెన్త్ తరవాత ఐటీఐ చేసిన కుర్రాడు. మెయిన్ ఆపాడు, ఫ్యాను నెత్తిమీది ప్లాస్టిక్ కప్పు పక్కకి జరిపాడు, లోపలి నించి అగ్గిపెట్టె అంత డబ్బా ఒకటి లాగాడు. దాని మీద 2.5 మైక్రోఫారడ్ అని అచ్చేసి ఉంది. జేబులోంచి అలాంటిదే కొత్తది తీసి, రెండు తీగలూ కలిపి, టేపు చుట్టి, "కండెన్సర్ పోయింది సార్, అంతే" అన్నాడు. ఫ్యాను తిరిగింది. మన ఇంజనీరు ఆ పాత డబ్బాని అరచేతిలో పెట్టుకుని, జాతకం మాత్రమే చూసి పెళ్ళికి ఒప్పుకున్నవాడు తెరసెల్లా దించినప్పుడు చూసే చూపు చూశాడు. పుస్తకంలో అది రెండు నిలువు గీతలు. దానికి ఒళ్ళు కూడా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

ఇంతకీ నా బాధ కుర్రాడి గురించి కాదు. వాళ్ళ నాన్నగారి మొహం గురించి. ఆ మొహంలో సిగ్గు ఎక్కడన్నా కనిపిస్తుందేమోనని వెతికాను. వెలిగిపోతోంది! "మావాడికి ఇట్లాంటివేం తెలీదండీ. పుస్తకం తప్ప మరో ధ్యాస ఉంటేగా!" అన్నారు, కొడుక్కి గోల్డ్ మెడల్ వచ్చిందని చెప్పే గొంతుతో.

అప్పుడు తెలిసింది నాకు. మన దగ్గర పని రాకపోవడం లోటు కాదు, హోదా. "మా అమ్మాయికి కాఫీ కలపడం కూడా రాదండీ" అనడంలో ఉన్న ధీమా, "మా అమ్మాయి సీఏ పాసైందండీ" అనడంలో కూడా లేదు. సీఏ ఎవరైనా పాసవ్వొచ్చు. కాఫీ కలుపుకోవాల్సిన అగత్యం లేకుండా పెరగాలంటే పెట్టి పుట్టాలి. ఒకప్పుడు ఈ భాగ్యం మగపిల్లలకే ఉండేది. ఆడపిల్లలకి చెయ్యి కాల్చుకోకుండా పోపు వేయడం, బొత్తాం కుట్టడం, పాలు పొంగకుండా చూడటం పదేళ్ళకే అంటగట్టేవారు. అన్నయ్య మాత్రం కంచం ముందు కూర్చుని "మంచినీళ్ళేవీ" అని కేకేసేవాడు. ఇది అన్యాయమని చాలామంది చాలాకాలం పోరాడారు. పోరాటం ఫలించింది. సమానత్వం వచ్చింది. ఇప్పుడు ఇద్దరికీ రాదు.

ఇంత పకడ్బందీగా ఏమీ రాకుండా చెయ్యడం మాటలు కాదు. దానికి ఇల్లూ కాలేజీ కలిసికట్టుగా కష్టపడాలి. ఇంట్లో అమ్మ మొదలెడుతుంది. పిల్లాడు గ్లాసు తీసి సింకులో వెయ్యబోతే, "నువ్వు ముట్టుకోకు నాన్నా, చదువుకో" అంటుంది. వాడు నిజంగా చదువుతున్నాడా, పుస్తకం వెనక ఫోను చూసుకుంటున్నాడా అన్నది వేరే సంగతి. "చదువుకో" అన్న మంత్రం పడగానే చీపురు, అంట్లు, ఇస్త్రీ పెట్టె, కూరగాయల సంచీ అన్నీ వాడి కళ్ళకి కనబడకుండా పోతాయి. అలా పదేళ్ళు పెంచి కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వేస్తారు. అక్కడ తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి పొద్దుపోయాక కూడా స్టడీ అవర్, మధ్యలో వీక్లీ టెస్టు. బట్టలు ఎవరో ఉతుకుతారు, అన్నం ఎవరో వండుతారు. బకెట్ పిడి ఊడితే నాన్న కొత్త బకెట్ కొని ఆదివారం ఔటింగుకి తెస్తాడు. పిడి మళ్ళీ దూర్చి నొక్కితే సరిపోతుందన్న అనుమానం తండ్రీకొడుకులిద్దరికీ రాదు.

ఇంటికి వచ్చే గ్యాస్ సిలిండర్ సంగతే చూడండి. ఈ కుర్రాడికి వాయు సమీకరణాలు కంఠతా వచ్చు. వాండర్ వాల్స్ సవరణలు రెండూ నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. వంటింట్లో ఉన్న 14.2 కిలోల గ్యాసుతో మాత్రం ముఖపరిచయం లేదు. సిలిండర్ మెడ దగ్గర, పైన చక్రాన్ని మోసే పట్టీల్లో ఒకదాని లోపలివైపు ఒక ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన రెండంకెలూ రాసి ఉంటాయి. ఏ అంటే జనవరి నించి మార్చి, బీ అంటే ఏప్రిల్ నించి జూన్, అలా డీ దాకా. అంకెలు సంవత్సరం. సీ-27 అని ఉంటే, 2027 సెప్టెంబరు లోపు ఆ సిలిండర్‌కి మళ్ళీ పరీక్ష చేయించాలని అర్థం. గడువు దాటినది తెస్తే తీసుకోకుండా వెనక్కి పంపెయ్యొచ్చు. ఇది చదవడానికి ఐఐటీ ర్యాంకు అక్కర్లేదు, మెడ వంచితే చాలు. మన కుర్రాడికి చూపిస్తే ఏమన్నాడో తెలుసా? "సీ-27 అంటే సెక్షనా అంకుల్?" అన్నాడు. వాణ్ణి అని లాభం లేదు. రెండేళ్ళు వాణ్ణి కూడా అలాగే అక్షరం, అంకె వేసి నిలబెట్టారు.

రబ్బరు ట్యూబుకి కూడా ఆయుష్షు ఉంటుందని, అయిదేళ్ళకోసారి మార్చాలని, గ్యాస్ వాసనొస్తే ముందు రెగ్యులేటర్ కట్టేసి కిటికీలు తెరవాలని, స్విచ్చుల జోలికి పోకూడదని, లీకు ఎక్కడుందో సబ్బు నురగ రాసి చూడాలని వాళ్ళ ఇంట్లో తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. పనిమనిషి. ఆవిడ అయిదో తరగతి. కాబట్టి ఆవిడ చెబితే ఎవరూ వినరు.

ఇక ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపుకి వద్దాం. మీరు ముందు చెప్పులు వదలండి, అది పుణ్యస్థలం. (నిజానికి బూట్లు వేసుకోవాలి. రికార్డులో అలాగే రాస్తారు. ఆ సంగతికి వస్తాను.) మొదటి సంవత్సరంలో ఏ బ్రాంచి వాడైనా, కంప్యూటర్ సైన్స్ వాడైనా సరే, ఈ గుడి మెట్లెక్కాల్సిందే. ఫిట్టింగు, వడ్రంగం, రేకుపని, హౌస్ వైరింగు, కొలిమి, పోత. చూడబోతే ఎంత గొప్ప సిలబస్! ఎవరో కడుపు నిండా ఆలోచించి పెట్టారు. ఇంజనీరు కాబోయేవాడు ఇనుము ఎంత గట్టిదో ఒక్కసారైనా చేత్తో తెలుసుకోవాలనుకున్నారు. ఒక ఇనుప పలకని వైస్‌లో బిగించి, ఆకురాయితో రాస్తూ పోవాలి. తోసేటప్పుడే నొక్కాలి, వెనక్కి లాగేటప్పుడు తేలిగ్గా వదలాలి. కాసేపయ్యాక మూలమట్టం ఆనించి, కిటికీ వైపు ఎత్తి పట్టుకుని చూడాలి. మట్టానికీ పలక అంచుకీ మధ్య వెలుతురు కనపడిందా, ఇంకా రాయాలి. కనపడకపోతే పని అయింది. భుజం లాగుతుంది, అరచేతిలో బొబ్బ లేస్తుంది. కానీ మిల్లీమీటరు అంటే ఏమిటో ఆ మధ్యాహ్నం తెలిసినంతగా, కాలిక్యులేటర్ మీద మూడు దశాంశ స్థానాలు నొక్కిన నాలుగేళ్ళలోనూ తెలియదు.

తెలియకూడదనే కాబోలు, మనవాళ్ళు చక్కటి ఏర్పాటు చేసుకున్నారు. పోయినేడాది సీనియర్లు చేసిన వీ-ఫిట్ ముక్కలు ఒక డబ్బాలో ఉంటాయి. తుప్పు కాస్త రుద్ది, కొత్త నంబరు కొట్టి, అవే చూపిస్తారు. కొన్ని ముక్కలకి ఉన్న సర్వీసు చూస్తే కాలేజీలో లెక్చరర్లకి కూడా అంత ఉండదు. రేకుతో గరాటు చెయ్యమంటే బజార్లో కొనుక్కొచ్చి, సోకు పోవడానికి ఒక నొక్కు నొక్కి ఇచ్చినవాడు నాకు తెలుసు. ఆ నొక్కే వాడు చేసిన రేకుపని. వైరింగులో మేడమెట్ల దీపం, అంటే కింద వేస్తే పైన ఆపే రెండు స్విచ్చుల సర్క్యూట్, ముందే బోర్డు మీద బిగించి ఉంటుంది. ముప్ఫైమంది చుట్టూ నిలబడి చూస్తే అందరూ చేసినట్టు లెక్క.

కానీ రికార్డు మాత్రం అద్భుతం! ఎయిమ్, టూల్స్ రిక్వయిర్డ్, ప్రొసీజర్, ప్రికాషన్స్, రిజల్ట్. మార్జిన్లు స్కేలుతో, బొమ్మలు పెన్సిల్‌తో, శీర్షికలు రంగు పెన్నుతో. ప్రికాషన్స్‌లో "విధిగా బూట్లు ధరించవలెను" అని హవాయి చెప్పులేసుకుని రాస్తారు. రిజల్ట్‌లో "కావలసిన వీ-ఫిట్ తయారైనది" అని, ఏనాడూ ఆకురాయి పట్టని చేత్తో రాస్తారు. ఎక్స్‌టర్నల్ గారు రికార్డు బరువు అంచనా వేసి మార్కులేస్తారు. ఆకురాయి పట్టని చేతికి కూడా బొబ్బ లేస్తుంది, పెన్ను పట్టే వేలికి. అదీ మన వర్క్‌షాపు మిగిల్చే ఒకే ఒక్క గాయం.

ఆ గదిలో ఓ మూల ఒకాయన ఉంటాడు, ఖాకీ చొక్కా. ఐటీఐ చదివి, ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చిన మనిషి. కాలేజీ మొత్తంలో ఏదైనా ఒక వస్తువు తయారు చేయగలిగినవాడు ఆయనే. ప్రిన్సిపాల్ గారి బీరువా తాళం పట్టేస్తే ఆయనే రావాలి, హెచ్ఓడీ గారి కుర్చీ కాలు ఊగితే ఆయనే రావాలి. జీతం పట్టీలో మాత్రం ఆయన పేరు ఎక్కడుంటుందో చెప్పక్కర్లేదు కదా. కింది నించి చదవడం మొదలుపెట్టండి.

ఇదంతా చదివి మీరు, మన దేశంలో పెద్దలెవరికీ పిల్లలకి పని నేర్పాలన్న ఆలోచనే లేదనుకుంటున్నారేమో. అపచారం! ఆలోచనకేం కరువు? 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీగారు చేతిపని చుట్టూ చదువు అల్లాలన్నారు. జాకీర్ హుస్సేన్ కమిటీ ప్రణాళిక రాసింది. బళ్ళలోకి తకిలీలు వచ్చాయి. పోయాయి. 1964లో కొఠారీ కమిషన్ వేశారు, రెండేళ్ళకి అది 'పని అనుభవం' అని పేరు పెట్టింది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ దాన్నే 'సమాజోపయోగ ఉత్పాదక పని' అంది. టైం టేబుల్లో ఎస్‌యూపీడబ్ల్యూ అన్న గడి వెలిసింది, ఆ గడిలోకి లెక్కల మాస్టారు వచ్చి సిలబస్ పూర్తి చేసుకున్నారు. 2020 జాతీయ విద్యావిధానం, ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగులు, కుమ్మర్లు, తోటమాలుల దగ్గర పని నేర్చుకోమంది. చదువు మొత్తంలో పది రోజులు. మట్టి కాళ్ళతో తొక్కి, మెత్తబడి, చక్రం మీదికి ఎక్కే వేళకి సెలవులైపోతాయి. ఫోటో మాత్రం వచ్చేస్తుంది.

పేర్లు మారుతున్నాయి, గడి మారలేదు. ఎందుకు మారలేదో చెప్పాలంటే, అందరూ తలుపులేసుకుని మాట్లాడుకునే సంగతి కాస్త బయటికి లాగాలి. మనకి నైపుణ్యం అంటే చాలా గౌరవం. పరాయి పిల్లలకి. వేదిక మీద మైకు పట్టుకుని "యువత నైపుణ్యాలు పెంచుకోవాలి" అని ఘోషించే పెద్దమనిషి తన మనవణ్ణి వెల్డింగు కోర్సులో చేర్చినట్టు మీరెప్పుడైనా విన్నారా? మన ఇళ్ళల్లో చేతిపని ఒక కోర్సు కాదు, బెదిరింపు. "సరిగ్గా చదవకపోతే మెకానిక్ షెడ్డులో పడేస్తా" అంటాడు నాన్న, అదే సాయంత్రం స్టార్ట్ కాని స్కూటర్ని ఆ షెడ్డుకే తోసుకెళ్తూ. ఐటీఐలో చేరినవాడి గురించి "పాపం, మార్కులు రాలేదట" అంటారు. ఆ పాపం చేసినవాడు వచ్చి ఫ్యాను తిప్పితే గానీ వీళ్ళకి రాత్రి నిద్రపట్టదు.

దీనికింద ఉన్న పునాదికి కులం అని పేరు. కుండ ఒకరు, చెప్పు ఒకరు, బట్ట ఒకరు, నాగలి ఒకరు, క్షవరం ఒకరు అని పంచేసి, ఏ పనీ చెయ్యనివాణ్ణి పైన కూర్చోబెట్టిన ఊరు మనది. కింద ఉన్నవాళ్ళ చేతుల్లోని విద్యని విద్య అనకుండా వేల ఏళ్ళు నెట్టుకొచ్చాం. ఇప్పుడు పైకొచ్చిన ప్రతివాడూ ముందు చేసే పని చేతులు కడుక్కోవడం. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ఒక పథకం పెట్టారు. ఆంధ్ర ఇంకా అందులోనే ఉంది, కొద్ది నెలల్లో విడిపోబోతోంది. ప్రాథమిక పాఠశాల పిల్లలు ఒక పూట బడికి రావాలి, రెండో పూట ఇంటిపట్టున తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. వినడానికి ముచ్చటగానే ఉంది. లెక్క చూస్తే, చాకలి కొడుకు రేవులోనే ఉండాలి, ప్లీడరు కొడుకు కోర్టు వైపే నడవాలి. జనం దీన్ని కులవిద్య అని ఎండగట్టారు, ఊళ్ళు భగ్గుమన్నాయి, మరుసటేడు రాజాజీ పదవి దిగారు, ఆయన తరవాత వచ్చిన కామరాజ్ పథకాన్ని ఎత్తేశారు. ఎత్తెయ్యడమే న్యాయం. కానీ అందులో రెండో సగం ఎవరూ ఆలోచించలేదు. కుమ్మరి పిల్లాడు కోర్టుకి, ప్లీడరు పిల్లాడు సారె దగ్గరికి ఒక్కపూట మారి కూర్చుంటే ఎలా ఉండేదని. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్' అని పుస్తకమే రాశారు, తోలు శుద్ధి చెయ్యడంలో, కుండ కాల్చడంలో ఎంత సైన్సుందో బొమ్మలతో సహా. మన ఇళ్ళల్లో పిల్లలకి కొనే పుస్తకాల పక్కన దాన్ని చూసిన గుర్తు లేదు. మనం కొనేవి ఒలింపియాడ్ గైడ్లు.

సరే, ఏ దిక్కూ లేనివాడికి అమెరికా దిక్కు. అక్కడ మన కుర్రాడు ఎంఎస్‌కి దిగుతాడు. రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. ఒక దాన్నిండా ఆవకాయ, కందిపొడి, ప్రెషర్ కుక్కరు. కుక్కరు మూత ఎటు తిప్పితే పడుతుందో విమానం దిగాక వీడియో కాల్లో మొదటి పాఠం. "అమ్మా, ఆవాలు వేశాను, చిటపటమనట్లేదు." "నూనె కాగిందా నాన్నా?" "కాగడమంటే?" ఇక్కడ అమ్మ గొంతులో దుఃఖం, అక్కడ కుర్రాడి మూకుట్లో పొగ. మరుక్షణంలో సీలింగుకున్న స్మోక్ అలారం బిల్డింగు దద్దరిల్లేలా మోగుతుంది. మెట్ల మీద నించి అన్ని దేశాలవాళ్ళూ దిగి చలిలో నిలబడతారు. ఫైరింజను వస్తుంది. హెల్మెట్ పెట్టుకున్న ఆరడుగుల మనిషి లోపలికి పరిగెత్తి, నలభై మిరపకాయలు మాడిన తిరగమోతని ఆర్పి వెళ్తాడు. 'నువ్వు చదువుకో నాన్నా' అన్న మాటకి ఒక దేశం ఫైర్ సర్వీసు చెల్లించిన ఖరీదు అది.

అక్కడితో ఆగితే బాగుండు. అసలు వింత తరవాత ఉంది. ఉద్యోగం వస్తుంది, డాలస్ పక్కన ఇల్లు కొంటాడు, కుళాయి కారితే ప్లంబరు గంటకి ఎంత అడుగుతాడో తెలిసి గుండె ఆగుతుంది. అప్పుడు మన డిస్టింక్షన్ వీరుడు శనివారం పొద్దున్నే హోమ్ డిపోకి వెళ్తాడు. డ్రిల్లు కొంటాడు, రెంచీలు కొంటాడు, యూట్యూబ్ పెట్టుకుని సింకు కింద దూరతాడు. పనులన్నీ నేర్చేసుకుంటాడు కూడా! పెరట్లో చెక్క డెక్కు కట్టి, చెమట పట్టిన టీ షర్టుతో, చేతిలో సుత్తితో ఫోటో పెడతాడు. మూడొందల లైకులు. "సూపర్ బావా, డిగ్నిటీ ఆఫ్ లేబర్ అంటే ఇదీ" అని హైదరాబాదు నించి కామెంటు. ఆ కామెంటు పెట్టిన బావ ఇంట్లో బల్బు మాడి నెల అయింది, వాచ్‌మన్ ఊరెళ్ళాడట.

అదే మహానుభావుడు సంక్రాంతికి దిల్‌సుఖ్‌నగర్ వస్తాడు. వాళ్ళ నాన్న బాత్రూంలో కుళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. డాలస్‌లో అయితే పావుగంట పని. ఇక్కడ కుర్చీలోంచి లేవకుండా "ఎవరైనా కుర్రాణ్ణి పిలవండి డాడీ" అంటాడు. సుత్తికి గౌరవం డాలర్లలో ఉన్నప్పుడే. రూపాయల్లోకి మారగానే అది పాలేరు పనిముట్టు. 2018లో హైదరాబాదులో ఐకియా తెరిస్తే జనం ట్రాఫిక్ జామ్ అయ్యేలా విరగబడ్డారు. బల్లని చెక్క ముక్కలుగా కొనుక్కుని, ఇంటికెళ్ళి, ఎవరి బల్ల వారే బిగించుకోవడం ఆ కంపెనీ పద్ధతి. మనవాళ్ళు బల్ల కొన్నారు, మీట్‌బాల్స్ తిన్నారు, బిగించే మనిషిని పెట్టుకున్నారు.

మన పురాణాలు ఇలా లేవు మరి. పాండవులు ద్రోణాచార్యుల దగ్గర లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకున్నారు, ఒప్పుకుంటాను. కానీ 12 ఏళ్ళు అడవిలో ఉండి, అజ్ఞాతవాసానికి విరాటరాజు కొలువుకి వెళ్ళినప్పుడు ఆ కోచింగ్ దేనికీ పనికిరాలేదు. ఆయుధాలన్నీ మూటకట్టి జమ్మిచెట్టు మీద పెట్టేశారు, సర్టిఫికెట్లు అటక మీద పెట్టినట్టే. బతికించినవి వేరే. భీముడికి వంట వచ్చు కాబట్టి వలలుడయ్యాడు. నకులుడు గుర్రాల పని, సహదేవుడు గోవుల పని. అర్జునుడు నాట్యం నేర్పాడు. ద్రౌపది రాణిగారికి జడలు వేసింది. మహారాణి, జడలు! ఎవరి పరువూ పోలేదు, పైపెచ్చు రాజ్యం తిరిగి అడిగే హక్కు మిగిలింది. ఇప్పుడు మన అయిదుగురు ర్యాంకర్లని అలా విరాటనగరానికి పంపి చూడండి. దుర్యోధనుడికి వేగులవాళ్ళు కూడా అక్కర్లేదు. రోజుకి మూడుసార్లు అయిదు బిర్యానీలు ఏ చిరునామాకి వెళ్తున్నాయో ఫుడ్ యాప్ వాణ్ణి అడిగితే చాలు. తలుపు దగ్గర "ఏ పేరు మీద ఆర్డర్ సార్?" అనగానే అర్జునుడు తన పది పేర్లూ చెప్పేస్తాడు. మళ్ళీ 12 ఏళ్ళు అడవి. రిపీటర్స్ బ్యాచ్.

ఇంత తిట్టాక ఉపాయం చెప్పకపోతే బాగుండదు. నా దగ్గర ఒకటుంది, బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఈ పనులకి ఈఏపీసెట్లో వెయిటేజీ ఇవ్వండి. ఒక్క ఇరవై మార్కులు. మర్నాడు పొద్దున్నకల్లా తెలుగు నేల మీద చీపురు పట్టని పిల్ల, చిత్రిక పట్టని పిల్లాడు ఉంటే అడగండి. అయిదో తరగతి నించే కుళాయి ఫౌండేషన్ మొదలవుతుంది. ఫీజు కాస్త ఎక్కువే, ఏసీ క్యాంపస్ మరి. వాషర్లకి ఒక ఫ్యాకల్టీ, బిరడాలకి ఒక ఫ్యాకల్టీ, ఇద్దరినీ కోటా నించి తెప్పిస్తారు. ప్రశ్న ఇలా వస్తుంది: "అర అంగుళం కుళాయి మరకి టెఫ్లాన్ టేపు చుట్టవలసిన దిశ: (ఎ) సవ్యం, (బి) అపసవ్యం, (సి) ఎటైననూ ఒకటే, (డి) ప్లంబరును పిలవవలెను." మన పిల్లలు అయిదు సెకన్లలో (ఎ) పెట్టేస్తారు. మర మొహం మనవైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపు చుడితే బిగించేటప్పుడు టేపు ఊడదని వివరణ కూడా చెబుతారు, ఇంగ్లీషులో. టెఫ్లాన్ టేపు తెల్లగా ఉంటుందో నల్లగా ఉంటుందో అడక్కండి, అది సిలబస్‌లో లేదు.

ఇక ఫలితాలొచ్చిన రోజు టీవీ చూడాలి. న్యూస్ మధ్యలో ఊపిరి తీసుకోకుండా ఓ గొంతు: "కుళాయిలో ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు... తిరగమోతలో ఒకటి, రెండు, నాలుగు, అయిదు... ఫ్యూజులో రాష్ట్రం మొత్తం మీద మొదటి పదిలో తొమ్మిది మావే!" పొద్దున పేపరు మొదటి పేజీ నిండా పాస్‌పోర్ట్ ఫోటోలు, ఒక్కో ఫోటో కింద ఒక్కో ర్యాంకు. మధ్యలో చైర్మన్ గారు నిలువెత్తున, చేతిలో బంగారు పూత రెంచీతో. ఆ పేజీకి అడుగున, భూతద్దం పెడితే తప్ప కనపడనంత చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంటుంది: "అడ్మిషన్లు జరుగుచున్నవి. హాస్టల్ రెండవ అంతస్తు కుళాయిలు కారుచున్నందున విద్యార్థులు బకెట్లు వెంట తెచ్చుకొనవలెను. కుళాయిలను ముట్టుకొన్న వారికి జరిమానా విధించబడును."